నా మంచి చెయ్యి

ముందే చెప్పేస్తున్నా. నేను కోతలు కోసే మనిషిని. నా నోట్లో పడితే పిల్లి పులి అవుతాది, గోనెసంచి లారీ అవుతాది. మీరు ముప్పావు భాగం తీసేసి చదవండి. మిగిలే ఆ పావు భాగమే ఏండ్ల తరబడి నా గుండెల మీద కూచోనుండాది, మట్టి నింపిన తొట్టి మాదిరి. యాడ దించేది? ఎవరి ముందర దించేది? మీరు మా వీధివాళ్ళు కారు గనక మీ ముందర.

చిత్తూరులో మా మేడ మీద తోట ఉండాది. అందులో కొన్న మొక్క ఒక్కటీ లేదు. పక్కింటోళ్ళు ఊడ్చి పారేసిన కానుగాకు, ఎదురింటోళ్ళు విసిరేసిన తులసి మోడు, పెండ్లిపందిరి విప్పినాక వీధిలో పడున్న అరటి పిలక, అన్నీ ఎత్తుకొచ్చేవాణ్ణి. మా వీధిలో చెట్టు ఆకు రాల్చాలన్నా ముందు నా పర్మిషన్ అడిగేది. "నువ్వు పోయినా నిన్నూ ఎవరో ఒకరు ఏరుకొని పోతార్లే" అనేది మా ఆవిడ. చచ్చిందనుకున్న మొక్క నా దగ్గర చిగురించేది. మంచి చెయ్యి అని పేరొచ్చింది. పేరొచ్చినాక మనిషి ఊరుకుంటాడా?

పక్కింటి మేడ మీద మొగిలమ్మక్క గుండుమల్లి. నగరిలో ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. ఒక్కో పువ్వు తిరుపతి లడ్డంత. ఆ వాసనకు శ్రీహరికోటలో రాకెట్టు దారి తప్పుతాదేమోనని నాకు భయం. కొమ్మ అడిగితే అక్క ఇయ్యలేదు. సరే, పారేసినప్పుడు ఎత్తుకుందామని కాచుకున్నా. బాగున్న చెట్టును ఎవరు పారేస్తారు? పారేసేటట్టు మనమే చెయ్యాల. పిట్టగోడ ఇవతల నుంచి, మామిడికాయ ఊరేసిన ఉప్పునీళ్ళు దాని మొదట్లో పోసినా. ఒకనాడు కాదు. బంగాళాఖాతమంతా పోసుంటా. ఆకులు పండి రాలినాయి. ఆ రాలిన ఆకులు కూడా నేనే ఏరుకున్నా, ఎరువుకు.

అక్క గోడ దగ్గర నిలబడి ఏడిచినంత పని చేసింది. పక్కన ఆమె కోడలు, ఐరాల ఊరి పిల్ల, కొత్తగా కాపరానికి వచ్చింది.

"ఏమప్పా, చెట్లు తెలిసినోడివి. ఎందుకిట్లయింది?" అనింది అక్క.

"రోజూ నీళ్ళెవరు పోస్తారక్కా?"

"ఇదో, ఈ పిల్లే."

ఆడ నేను నోరు మూసుకోవచ్చు. చీడ అనొచ్చు. ఎండ అనొచ్చు, చిత్తూరు ఎండ మీద నింద వేస్తే ఎవరు కాదంటారు? కానీ జోకు నాలుక మీదికి వచ్చేసింది. వచ్చిన జోకును మింగడం నాకు ఈ జన్మలో చేతగాదు.

"కొన్ని చేతులంతేలేక్కా. ఈ పాప ముట్టుకుంటే పచ్చిమిరపకాయ కూడా ఎండుమిరపకాయై కూచుంటాది."

అక్క అంత దుఃఖంలోనూ నవ్వింది. పిల్ల తన చేతులు చూసుకుంది. సేద్యం చేసే ఇంట్లో నారు నాటి పెరిగిన చేతులు అవి.

సాయంత్రానికి చెట్టు వీధిలో పడింది. ఎత్తుకొచ్చి, వేర్లు కడిగి, మట్టి మార్చి, నీళ్ళ ట్యాంకు వెనకాల పెట్టుకున్నా. అది చిగురించేలోపలే నా జోకు చిగురించింది. వీధంతా ఆ పిల్లను 'ఎండుచెయ్యి' అనడం మొదలుపెట్టింది. సీమంతాల్లో పసుపుగిన్నె ఆమె దాకా వచ్చి, దాటి పోయేది. ఆమెకు కడుపు నిలవకపోతే మొగిలమ్మక్క వాకిట్లో నిలబడి అందరికీ వినపడేటట్టు అనింది, "చెట్టే నిలవలేదు ఆ చేతిలో." నేను పైనుంచి వింటా ఉన్నా. గుండుమల్లికి నీళ్ళు పోస్తా ఉన్నా. నాకేమనిపించింది? నిజం చెప్పాలంటే, జోకు బాగా పారిందే అనిపించింది.

ఒకనాడు ఆ పిల్లే వచ్చింది. "అన్నా, మీది మంచి చెయ్యి. ఒక మల్లికొమ్మ ఇయ్యన్నా. బతికించి మా అత్తకు సూపిస్తా." వేరు పట్టిన కొమ్మ, ఏరి ఏరి మంచిది ఇచ్చినా. అంతకంటే ఏం చేస్తాను? కొన్నాళ్ళకు ఎండిన పుల్ల అరచేతిలో పెట్టుకొని మళ్ళీ వచ్చింది. "మీరు అనింది నిజమేన్నా. నా చెయ్యే."

ఇప్పటికీ బట్టలు ఆరేసేదానికి పైకొస్తే, గోడ మీది నా తొట్ల దగ్గర చేతులు కొంగులో చుట్టుకొని నడుస్తాది. తగిలితే చస్తాయేమోనని.

ఇందులో నేను పెంచిందెంత? లడ్డు, రాకెట్టు, బంగాళాఖాతం ఇవన్నీ మీరే తీసేసుంటారు. అవి నా వాగుడు. అసలు కల్పించింది ఒక్కటే. ఆ వేరు పట్టిన కొమ్మ.

అది నేను ఇయ్యలేదు. ఆ పిల్ల చెయ్యి మంచిదని తేలితే, మరి చెట్టును చంపిందెవరని అక్క అడుగుతాది కదా? అందుకని వేరు లేని కొమ్మ విరిచి, ఉడుకునీళ్ళలో ముంచి, చల్లార్చి, తుడిచి ఇచ్చినా. "చెయ్యి మంచిదైతే బతుకుతాదిలే తల్లీ" అని కూడా అన్నా.

ఇది రాసినంత మాత్రాన ఆమె చేతులు కొంగులోంచి బయటికి రావు. తెలుసు. క్షమించమని అడగడం లేదు. తొట్టి దించినా, అంతే.