ముసుగు విగ్రహానికి ఐదు రోజుల కాపలా

రెండువేల ఐదు, ఏప్రిల్ పది, ఆదివారం. పొద్దున తొమ్మిదింటికి వ్యాను మమ్మల్ని వీపనగండ్ల దాటాక ఒక ఊరి మలుపులో దింపింది. ఊరి పేరు చెప్పను. అక్కడి వాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు. నేను హోంగార్డును. నాతో ఒక కానిస్టేబుల్. లాఠీ, విజిల్, దుప్పటి, రెండు లీటర్ల నీళ్ళ డబ్బా. వాకీటాకీ కానిస్టేబుల్ దగ్గర. చుట్టూ ఎర్రనేల, రాతిగుండ్లు. నీడ అంటే ఒక తుమ్మచెట్టు, అదీ సగమే.

మేము కాయాల్సింది రోడ్డు పక్క దిమ్మె మీది విగ్రహాన్ని. పైనుంచి కింది దాకా నీలం గుడ్డ కప్పి తాడు చుట్టారు. పద్నాలుగున పెద్దవాళ్ళొచ్చి తీస్తారు. అప్పటిదాకా ఎవరూ ముట్టకూడదు. హెడ్ కానిస్టేబుల్ దింపేటప్పుడు ఒక్క మాటే అన్నాడు.

"చీమ గూడ ఎక్కొద్దు."

అంతకుముందు ఏడాది ఇంకో ఊళ్ళో ఒక విగ్రహం చెయ్యి విరిగి రెండు వాడలు తలలు పగలగొట్టుకున్నాయి. అందుకే ఈ కాపలా.

నాకు సంతకం వచ్చు, అంకెలు వచ్చు. మా ఆయన పోయాక ఆ రెంటితోనే ఈ పని దొరికింది. డ్యూటీ కాగితం మీద తారీకులు చదివి కానిస్టేబుల్‌ను అడిగాను.

"ఏంది సార్, ఒక్క వారంల గిన్ని బందోబస్తులు?"

"పదకొండుకు ఆడపిల్లలకు బడి పెట్టినాయన పుట్టిండు. పదమూడుకు పంజాబ్‌ల ఒక తోటల జనాన్ని కాల్చి సంపిండ్రు. పద్నాలుగుకు రాజ్యాంగం రాసిన ఈయన పుట్టిండు. నువ్వెప్పుడు పుట్టినవక్కా?"

"జొన్నకోతలప్పుడు అనేది మా అమ్మ. ఏ ఏడో తెల్వదు."

"అయితె నీకు బందోబస్తు అక్కర్లేదు."

మధ్యాహ్నాలు కాలనీ నుంచి ఒక ముసలవ్వ అంబలి తెచ్చేది. గుడ్డ కింద ఆయన ఎలా ఉంటాడోనని నాకు రోజంతా ఒకటే ఆలోచన.

"అవ్వా, నువ్వు ఆయన్ను చూసినవా?"

"నేనేడ చూస్త బిడ్డా. పుట్టిన తారీకైతె ఎరుకే. నా కొడుకులు పుట్టిన తారీకే నాకు తెల్వదు. బొంబాయి పనికి వోయినోళ్ళంత పద్నాలుగు పొద్దుగాల దిగుతరు, గీ మొకం చూడనీకి."

పన్నెండున పదకొండింటికి సైకిలు మీద ఒక పెద్దాయన వచ్చాడు. చేతిలో రేకు పెట్టె. విగ్రహానికి రంగు వేసింది తనేనన్నాడు.

"జర పనున్నది పోలీసమ్మా. ముసుగు జర లేపితె అయిపోతది."

"ఆర్డర్ లేదు. పద్నాలుగు దాటినంక రా."

"గప్పుడొచ్చి ఏం జెయ్యాలె?"

ఏం పనో నేను అడగలేదు. ఆయన రేకు పెట్టె సైకిలుకు కట్టుకుని వెళ్ళిపోయాడు. డ్యూటీ గట్టిగా చేశాననుకున్నాను.

పదమూడు, సాయంత్రం నాలుగుంబావు. కొల్లాపూర్ దిక్కు నుంచి ఎర్రటి దుమారం లేచింది. వెనకే పెద్ద చినుకులు. తాడు సడలింది. గుడ్డ ఎగిరి తుమ్మచెట్టుకు చిక్కుకుంది. తల ఎత్తి చూశాను. నీలం కోటు, ఎర్ర టై, చేతిలో పుస్తకం, కళ్ళద్దాలు. అద్దాల లోపల ఉత్త తెలుపు. కళ్ళు లేవు.

"ముసుగు లేచింది సార్, ఓవర్," అన్నాడు కానిస్టేబుల్ వాకీటాకీలో.

"మల్ల కప్పుండ్రి. ఓవర్."

"కండ్లు లేవు సార్."

 గరగర మధ్యన హెడ్ అడిగాడు.

"ఎవ్వడు చెరిపిండు?"

రేపు ముసుగు తీయగానే బొంబాయి నుంచి దిగిన ప్రతివాడూ ఇదే అడుగుతాడు. కర్రలు లేస్తాయి. కాపలా నాది.

కానిస్టేబుల్ రోడ్డున పోతున్న పాలాయన బండి ఆపి తీసుకుని రంగులాయన కోసం పక్క ఊరికి వెళ్ళాడు. నేను దిమ్మె ఎక్కి గుడ్డ కప్పి రెండు చేతులతో అదిమి పట్టుకున్నాను. గాలి చూసి అవ్వ పరుగున వచ్చింది. దాచలేదు. చూపించాను. నిన్న రంగులాయన్ను తిప్పి పంపింది నేనేనని చెప్పాను. అవ్వ తడినేల మీద కూలబడింది.

"మా పోరగాండ్లు రేపు గిది చూస్తె ఊరు మిగులుతదా బిడ్డా?"

అయిదున్నరకు బండి వచ్చింది. రంగులాయన నా మీద కోప్పడలేదు.

"నేను పోచమ్మలను జేసేటోన్ని. నిలవెట్టినంకనే కండ్లు తెరుస్తం. ముందుగాల పెట్టరు."

"ఈయన దేవుడు గాదే," అన్నాడు కానిస్టేబుల్.

"గా సంగతి నా చెయ్యికి తెల్వదు సార్."

కానిస్టేబుల్ మళ్ళీ హెడ్‌ను పిలిచాడు. "కండ్లు పెట్టియ్యాల్నా సార్? ఓవర్."

"నాకేం చెప్పకు. ఆరున్నరకు ముసుగు ఉండాలె. అవుట్."

మొదటి చూపు అద్దంలో పడాలి, మనిషి మీద పడకూడదు అన్నాడు రంగులాయన. అవ్వ ఇంటికి పోయి చేతి అద్దం తెచ్చింది. పట్టడానికి నేను ముందుకొచ్చాను. ఆయన నా బోసి మెడ చూసి నసిగాడు.

"ముత్తయిదువ పట్టాలె..."

"నేనూ ముండమోపినే," అంది అవ్వ. "ఈయన ముందట గా లెక్కలు నడువయి. పట్టు బిడ్డా."

పట్టాను. కుడికన్నులో నల్లచుక్క పడింది. రంగులాయన కుంచె ముంచడానికి వంగాడు. ఇంకా రాలుతున్న సన్న చినుకులకు నా చేతులు తడిగా ఉన్నాయి. అద్దం జారి కిందికి దిగింది. ఆ చూపు నా మీద పడింది. అద్దం పైకెత్తాలని తెలుసు. ఎత్తలేదు. ఆయన నాలో ఏం చూస్తున్నాడా అని చూస్తూ ఉండిపోయాను.

ఆరుంబావుకు రెండో కన్ను అయింది. గుడ్డ కప్పాం, తాడు బిగించాం.

పద్నాలుగున పదింటికి ముసుగు తీశారు. డప్పులు మోగాయి. భుజాన సంచులు దించకుండానే బొంబాయి వాళ్ళు నిలబడి చూశారు. "మనల్నే చూస్తుండు," అన్నాడొకడు. అవ్వ నా వైపు తిరగలేదు. కొంగుతో ముక్కు తుడుచుకుంది.

నాలుగింటికి వ్యాను ఎక్కాం. వనపర్తిలో బూట్లు విప్పితే అరికాళ్ళు బొబ్బలు. తర్వాత చాలా బందోబస్తులు చేశాను, చాలా విగ్రహాలకు. ఆయన పటం ఎక్కడ కనిపించినా జనం రెండు కళ్ళూ చూస్తారు. నాకు మాత్రం ఒక కన్ను తెల్లగా, ఒక కన్ను అప్పుడే తెరుచుకుని, చినుకుల్లో నా వైపు చూసిన ఆ మొహమే కనిపిస్తుంది.