ఇరవై రెండు బై ఏడు పండుగ

భూషణం చెప్పేదాన్ని బట్టి మద్దేడు బడి అతణ్ణి తరిమేసింది లెక్కలు రాక కాదు, మరీ ఎక్కువ వచ్చి. ఏడో తరగతిలో మాస్టారు బోర్డు మీద సున్నా గీసి, దాని చుట్టుకొలత కావాలంటే అడ్డకొలతను ఇరవై రెండుతో గుణించి ఏడుతో భాగించాలన్నాడట. నమ్మకం కుదరని భూషణం, మాస్టారు కుర్చీలో కునుకు తీస్తుండగా ఆయన బొజ్జ చుట్టూ దారం తిప్పి కొలిచాడట. "లెక్క కుదరలే సార్. మీ బొజ్జ గుండ్రంగ లేదు" అని నిద్రలేపి మరీ చెప్పాడట. దారం చాలక బావి చేంతాడు తెచ్చానని కొన్నేళ్ళు చెప్పేవాడు. తర్వాతి ఏళ్ళలో చేంతాడూ చాలలేదు, దానికి ఎడ్ల పలుపు ముడి వేయాల్సి వచ్చింది. బొజ్జ ఎంత పెరిగినా, చదువు మాత్రం అక్కడే ఆగింది.

1977లో లారీ ఎక్కి బస్తర్ కొండ మీది ఇనుప గనికి చేరి బెల్టు షెడ్డులో హెల్పరయ్యాడు. పైన తవ్విన రాయి రబ్బరు బెల్టు మీద కిందికి దిగుతుంది. ఆ బెల్టును తిప్పే ఇనుప డ్రమ్ములకు పట్టు జారకుండా రబ్బరు తొడుగు అంటించాలి. చుట్టి తెచ్చిన తొడుగు అంచుకు అంచు ఆనాలి. గోరంత సందు మిగిలినా వాన నీళ్ళూ ఇనుప బురదా దూరి వారంలో ఊడగొడతాయి. అక్కడి పాతకాపులు చుట్టి కోసి, మళ్ళీ చుట్టి మళ్ళీ కోసేవాళ్ళు. భూషణం రబ్బరు మందంతో సహా అడ్డకొలత తీసుకుని, అలాంటివి మూడు, మీద ఇంకో ఏడో వంతు గీత గీసి, ఒక్క కోతతో ముగించాడు. బడిలో తన్నులు పెట్టించిన లెక్క గనిలో కూడు పెట్టింది.

పండుగ పుట్టింది 1981లో. సెలవు చీటీ రాయడానికి కూర్చుని తారీఖు వేశాడు: 22/7. కలం ఆగిపోయింది. చీటీ చింపేసి ఇంటికి పోయి భార్య సోమక్కను గారెలు వండమన్నాడు.

"ఇయ్యాల ఏం పండగయ్యా?"

"నా లెక్క పుట్టినరోజు."

"మరి దాని పుట్టెంటికలు ఎప్పుడు తీపిస్తవు?" అంది సోమక్క, అంటూనే పప్పు నానేసింది.

షెడ్డులో తెలుగువాళ్ళు, గోండులు, హల్బీ మాట్లాడేవాళ్ళు, బీహారీలు. ఎవరి పండుగకు వాళ్ళే సెలవు అడిగేవాళ్ళు. ఈ ఒక్కటి మాత్రం అందరిదీ అయింది. మధ్యాహ్నం భోజనాల వేళ ప్రతివాళ్ళూ గుండ్రనిది ఒకటి తేవాలి, తినేదైతే మరీ మంచిది. చుట్టూ దారంతో, అడ్డంగా టేపుతో కొలుస్తారు. మూడూ ఏడో వంతు రాకపోతే తెచ్చినవాడు భూషణాన్ని చేతిబండిలో కూర్చోబెట్టుకుని షెడ్డు చుట్టూ తోయాలి. కొలిచే పని లక్కే అనే ఆమెది. బెల్టు కింద రాలిన రాయిని పారతో ఎత్తే మనిషి, మొహమాటం ఎరగదు. ఒక ఏడు బీహారీ వెల్డరు తెచ్చిన రొట్టెను చూసి, "ఇది గుండ్రం కాదు, బస్తర్ పటం. బండి పట్టు" అని దారం తీయకుండానే తీర్పు చెప్పింది. ఆ ఏడు భూషణం బండెక్కి ఎంత ఊరేగాడంటే, అతని మాటే నమ్మితే, చక్రం సగానికి సగం అరిగిపోయింది.

ఇరవై ఎనిమిదేళ్ళు ఇలా గడిచాక, 2009లో సుందరరావు అనే ఇంజనీరు విశాఖ నుంచి షెడ్డుకు అధికారిగా వచ్చాడు. మార్చి పద్నాలుగున క్యాంటీనులో బ్యానరు కట్టించి ఉపన్యాసం ఇచ్చాడు. చక్రం లెక్క అసలు విలువ మూడు పాయింట్ ఒకటి నాలుగు కాబట్టి మూడో నెల పద్నాలుగే ఆ లెక్క పండుగ, ప్రపంచమంతా ఇదే చేస్తుందన్నాడు. భూషణం వెనక బెంచీలోంచి లేచాడు.

"మనం తారీఖు ముందు రాస్తం గద సార్. పద్నాలుగు బై మూడు. భాగిస్తే నాలుగున్నర దాటుతది. అట్లాంటి చక్రం యాడన్న ఉంటే చూపియ్యండి, బెల్టుకు ఎక్కిస్తా."

హాలంతా నవ్వింది. సుందరరావు నవ్వలేదు. జూలైలో షెడ్డు గోడ మీద హిందీలో నోటీసు పడింది: డ్యూటీలో వేడుకలు నిషేధం. భూషణాన్ని పిలిచి విడిగా కూడా చెప్పాడు.

"నీ ఇరవై రెండు బై ఏడు అసలు విలువ కాదయ్యా. కాస్త ఎక్కువ. తప్పుకి పండగేంటి?"

భూషణానికి ఆ రోజు అన్నం సయించలేదు. నిషేధాన్ని లెక్క చేసేవాడు కాదు. 'తప్పు' అన్న మాటే గుచ్చుకుంది. ఈ పండుగ పోతే షెడ్డులో అతను మిగతా హెల్పర్లలో ఒక హెల్పరు, అంతే.

ఇరవై రెండో తారీఖు పొద్దున కుండపోత వాన. పెద్ద డ్రమ్ము తొడుగు ఊడి బెల్టు ఆగింది. సుందరరావు కాలిక్యులేటరు తీశాడు. రబ్బరుతో కలిపి అడ్డకొలత సరిగ్గా మీటరు. మూడు వేల నూట నలభై ఒకటిన్నర మిల్లీమీటర్లు అని తేల్చి, ఇద్దరు ఫిట్టర్ల చేత కోయించాడు. జిగురు పట్టడానికి అంచులు గరుకురాయితో రుద్ది చుట్టి చూస్తే, చివర సన్నటి సందు. లాగారు, కొట్టారు. సందు కదల్లేదు.

గారెల డబ్బా ఒళ్ళో పెట్టుకుని మూల కూర్చున్న భూషణం లేచాడు.

"నన్ను కొయ్యనియ్యండి సార్. సందు మిగిలితే నా లెక్క తప్పని నేనే రాసి షెడ్డు గుమ్మానికి కడతా. మిగలకపోతే మధ్యాన్నం ఈడ దారం, టేపు బయటికొస్తయి."

సుందరరావు పక్కకు జరిగాడు. ఆగిన బెల్టు కోసం పైనుంచి ఫోను మోగుతూనే ఉంది. భూషణం కొత్త రబ్బరు పరిచి మూడు మీటర్లు, మీద మీటరులో ఏడో వంతు సుద్దతో గీశాడు. కోశాడు. అంచులు రుద్దాడు. చుట్టాడు. అంచుకు అంచు ఆనింది. సుందరరావు కాగితమంత పల్చటి రేకుతో అతుకు పొడవునా గుచ్చి చూశాడు. రేకు దూరలేదు.

"రుద్దినప్పుడు మిల్లీమీటరు పోయింది. అందుకే సరిపోయింది" అన్నాడు చివరికి. "నీ లెక్క ఇప్పటికీ తప్పే."

"తప్పే సార్, నేను కాదన్ననా? కత్తి తినేది, రాయి తినేది గూడ అండ్లనే ఉంది. మీది సక్కని లెక్కే. కాకపోతే కత్తికి పస్తు."

లక్కే కొంగులోంచి దారపుండ తీసింది. "మాటలు చాలు మామా. గారెలు సల్లారుతయి."

మధ్యాహ్నం బెల్టు కదిలింది. నోటీసు గోడ మీదే ఉంది. దాని కిందే గారెలు, ఇప్పపువ్వు లడ్డూలు, సైకిలు గంట, ఎవరో తెచ్చిన ఫ్యాను మూత, అన్నీ కొలతకొచ్చాయి. సుందరరావు తన గదిలోకి పోయి, నిషేధం మీరినందుకు భూషణం పేర మెమో టైపు చేయించి, తనే తెచ్చి ఇచ్చాడు. భూషణం నూనె చేతులు ప్యాంటుకు తుడుచుకుని సంతకం పెట్టి తీసుకున్నాడు, నిదానంగా చదివాడు, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"వచ్చే ఏడు గూడ ఇస్తరు గద సార్," అన్నాడు, "పదకొండింటికే తెండి. సోమక్క గారెలు అప్పటికి వేడివేడిగ ఉంటయి."