ఎనిమిది అక్షరాల మాట

ఇంగ్లండ్‌లోని హాలిఫాక్స్ చాపెల్ హాల్లో గురువారాలు అక్షరాల బిళ్లలతో మాటలు పేర్చే స్క్రాబుల్ ఆడేవాళ్లలో విల్ఫ్ ఆక్రాయిడ్‌కు తెలిసినన్ని వింత ఇంగ్లీషు మాటలు ఎవరికీ తెలియవు. ముప్పై ఏళ్లు బస్సు నడిపాడు. ఆఖరి స్టాపు రాగానే జేబులోంచి మాటలు రాసుకున్న అట్టముక్క తీసి, పెదవులు కదుపుతూ అక్షరాల వరుస వల్లెవేసేవాడు. అర్థాలు మాత్రం ఎన్నడూ రాసుకోలేదు. ఆటలో వాటికి పాయింట్లు రావు. ఒక ఫిబ్రవరి చలిరోజున, జబ్బుపడిన భార్య ఈనిడ్ కిటికీలోంచి పడుతున్న కాస్తంత ఎండలోకి కుర్చీ జరిపించుకుని కళ్లు మూసుకుని కూర్చుంది. పక్కన విల్ఫ్ "ఏప్రికేట్, ఏప్రికేట్" అని గొణుక్కుంటున్నాడు.

"వినడానికి బాగుందే. అంటే ఏంటి?" అందామె.

"ఏమో. ఎనిమిది అక్షరాలు. చేతిలో బిళ్లలన్నీ ఒకేసారి పడితే యాభై అదనం."

"నలభై ఏళ్ల కాపురంలో ఒక్క మాటకైనా అర్థం చెప్పావా నాకు?"

"టీ చల్లారిపోతోంది, తాగు," అన్నాడు, అట్టముక్క మీంచి కళ్లెత్తకుండా.

ఏప్రిల్లో ఆమె పోయింది. కొన్నాళ్లకు ఏప్రికేట్ కోసం నిఘంటువు తెరిచి చూశాడు. ఎండ కాచుకోవడం అని ఉంది.

ఇప్పుడు ఏ మాట వేసినా బిళ్లల మీద వేలు ఆనించి, నెమ్మదిగా దాని అర్థం చెబుతాడు. ఎదుట కూర్చున్న డోరిస్ సగ్డెన్ విసుక్కుంటుంది. "నిన్నెవరడిగారు విల్ఫ్? బిళ్లలు తీసుకో."

నిజమే, ఎవరూ అడగలేదు. అతను సంచిలో చెయ్యి పెడతాడు. ఏప్రికేట్ ఒక్కటి మాత్రం, అక్షరాలన్నీ కుదిరినా, బల్ల మీద పెట్టడు.