మెడ తిప్పనన్న లైటు

ఆ రోజుల్లో అనగానే మీకు కిరసనాయిలు దీపాలూ ఎడ్లబండ్లూ గుర్తొస్తే ఆ తప్పు నాది కాదు. నా 'ఆ రోజులు' అంత పాతవి కావు. మెట్రో రైలు ఎల్బీనగర్ దాకా వచ్చిన కొత్తలు. జనం పనీపాటా లేకపోయినా ఒకసారి ఎక్కి దిగి, ఫొటోలు తీసుకుని ఇంటికి పోయేవారు. అప్పటికి నేను బీకాం పూర్తి చేసి, ప్రపంచమంతా నా కోసమే ఎదురుచూస్తోందని గట్టిగా నమ్ముతున్నాను. ఆ ప్రపంచం దిల్‌సుఖ్‌నగర్ సందులో, కర్రీ పాయింటుకూ కోచింగ్ సెంటరుకూ మధ్య, స్టేజీ లైట్లు కిరాయికిచ్చే ఒక ఇరుకు దుకాణంలో కనబడింది. ఫోన్లు ఎత్తడానికని చేరాను. ఓనరుని అందరూ కరెంటన్న అనేవారు. మంచివాడు, కష్టజీవి. కాకపోతే బటన్లు ఎక్కువున్న వస్తువు ఏది చూసినా ఆయనకు చెమటలు పట్టేవి. అందువల్ల లైట్లను నడిపే కంట్రోల్ బోర్డు మెల్లగా నా ఒళ్లోకి వచ్చి పడింది.

ఇది మా నాన్నకు నచ్చలేదు. మాది పోచంపల్లి దగ్గరి ఊరు, తాతల నాటి నుంచి మగ్గం మీద బతికిన ఇల్లు. నాన్న మగ్గం వదిలేసి పట్నం వచ్చి, పెద్ద చీరల షాపులో సేల్స్‌మన్‌గా స్థిరపడ్డారు. ఇస్త్రీ తెల్లచొక్కా, నున్నగా దువ్విన తల, ఎదుటివాళ్లు నోరు తెరవకముందే వాళ్లకు ఏ రంగు కావాలో చెప్పేసే నేర్పు ఆయన సొత్తు. కూతురు కూడా ఏసీలో కూర్చోవాలని ఆయన కోరిక.

"ఆడివిల్లవు, నిచ్చెన్లెక్కి వైర్లు గుంజుడేంది? మా షాపుల బిల్లింగ్ కౌంటర్ ఖాళీ అయింది. సేటుతోని మాట్లాడిన" అన్నారు ఒకరోజు.

నేను అన్నం మానేసి అలిగాను. (మధ్యాహ్నం దుకాణం పక్కనే మిర్చి బజ్జీలు తిన్న సంగతి ఇంట్లో చెప్పలేదు.) చివరికి నానమ్మ మధ్యలో పడి ఒప్పందం కుదిర్చింది. వచ్చే ఆదివారం మన్సూరాబాద్‌లో ఓణీల ఫంక్షన్ ఉంది. అందులో లైటింగ్ మొత్తం నేనే చూసుకోవాలి. "మంచిగ జేస్తె నీ ఇష్టం. ఏమన్న గడబిడ అయిందో, సోమవారం పొద్దుగాల్ల నాతోని షాపుకొస్తవు" అన్నారు నాన్న. నేను చాలా ఠీవిగా సరే అన్నాను. గదిలోకి వెళ్లాక తలుపేసుకుని దేవుడికి కొబ్బరికాయ మొక్కుకున్నాను.

ఆ ఫంక్షన్ కోసమే కరెంటన్న కొత్తగా ఒక మూవింగ్ హెడ్ కొన్నాడు. చూడనివాళ్ల కోసం చెబుతాను. కింద బరువైన పీఠం, దాని మీద పైకి చాచిన రెండు చేతులు, ఆ చేతుల మధ్య ఒక నల్లటి తల. చేతులు గిర్రున చుట్టూ తిరుగుతాయి, తల పైకీ కిందికీ ఊగుతుంది, అందులోంచి సన్నటి వెలుగు బాణంలా దూసుకొస్తుంది. మనం బోర్డు దగ్గర కూర్చుని మీట జరిపితే అది హాల్లో ఎవరి మీద కావాలంటే వాళ్ల మీద వాలుతుంది. వారమంతా దాని పుస్తకమే చదివాను. అన్నం తింటున్నా ధ్యాస అంతా దాని మీదే, ఎంత జరిపితే ఎంత తిరుగుతుందో నా మెడ తిప్పి చూసుకునేదాన్ని. మెడ పట్టేసిందనుకుని అమ్మ రెండు రాత్రులు నూనె కాచి రాసింది.

ఆదివారం పొద్దున దుకాణంలో దానికి పూజ. కొత్త వస్తువుకి పూజ చెయ్యకుండా మొదటి గిరాకీకి పంపడం కరెంటన్న వంశంలో లేదు. పసుపు, కుంకుమ, బంతిపూల దండ, కింద నిమ్మకాయ, కొబ్బరికాయ అన్నీ అయ్యాయి. నా మొదటి ఫంక్షన్ కదా అని నానమ్మ కూడా వచ్చింది. హారతి ముందు నేను ఉత్సాహం పట్టలేక లైటుని ఒకసారి అటూ ఇటూ తిప్పి చూపించాను. నానమ్మ నోరెళ్లబెట్టి చెంపలేసుకుంది.

"అవునే బిడ్డా, గిది మనిషి లెక్క మెడ తిప్పుతున్నది గదా! నలుగుర్ల పెడితె దీనికి దిష్టి తగల్దా?"

"ఏం గాదు నానమ్మా, మిషన్ అది."

"మిషన్కు తగల్దని నీకెవలు జెప్పిండ్రు?" అంది నానమ్మ. నేను నవ్వేసి వైర్లు సర్దుకోడానికి వెళ్లాను. తిరిగొచ్చి దండ తీశాను, నిమ్మకాయ తీశాను, అద్దానికి అంటిన పసుపు మెత్తటి గుడ్డతో తుడిచాను. ఇంత జాగ్రత్తపరురాలిని ఇంకెక్కడా చూసి ఉండరని నాలో నేనే మెచ్చుకుని, పెట్టెలో పెట్టించి ఆటోట్రాలీ ఎక్కించాను.

ఓణీలు వేయించుకునే అమ్మాయి వాళ్లది కోస్తా వైపు కుటుంబం. వాళ్లమ్మగారు హాల్లోకి అడుగుపెట్టగానే నన్ను పట్టుకున్నారు. "అమ్మాయ్, మొదట మా తమ్ముడి మీద లైటు పడాలి. మేనమామ కదా, పట్టుబట్టలు తెచ్చేది వాడే. తర్వాత మా పిల్ల గుమ్మంలోంచి వస్తుంది. స్టేజీ ఎక్కేదాకా లైటు దాని వెంటే రావాలి. తెలిసిందా?" తెలిసిందన్నాను. కరెంటన్న మనుషులు లైటుని స్టేజీ పక్కన ఇనుప స్తంభం మీదికెక్కించి బిగించారు. నేను హాలు వెనక నా బోర్డు ముందు మహారాణిలా కూర్చున్నాను.

సాయంత్రం హాలు నిండింది. మామూలు దీపాలు ఆర్పారు. సన్నాయి మొదలైంది. మీట నొక్కాను. మూవింగ్ హెడ్ వెలగబోయే ముందు ఒకసారి ఒళ్లు విరుచుకున్నట్టు చుట్టూ తిరిగి, తర్వాత మన మాట వింటుంది. ఇది మాత్రం 'గుర్ర్' మంది, జ్వరమొచ్చినట్టు వణికింది, కాస్త పక్కకి జరిగి ఆగిపోయింది. ఆగిన చోటు నుంచే ధగధగా వెలిగింది. ఆ వెలుగు ముందు వరుసలో సోఫా మీద నిమ్మరసం తాగుతున్న ఒక పెద్దాయన మీద పడింది.

ఆయన అమ్మాయికి పెదనాన్న. మొదట ఉలిక్కిపడ్డారు. తర్వాత ఇదేదో తనకు చేస్తున్న గౌరవమని అర్థం చేసుకుని, గ్లాసు పక్కన పెట్టి, కండువా సర్దుకుని లేచి నిలబడి సభకు నమస్కారం చేశారు. అటువైపు బంధువులు చప్పట్లు కొట్టారు. పట్టుబట్టల పళ్లెం రెండు చేతులా పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ మేనమామగారి ముఖం మాడిపోయింది.

"బట్టలు మోసుకొచ్చింది నేను, లైట్లేమో ఆయనకా! అక్కా, ఇది నీకు తెలిసే జరిగిందా?"

వెంటనే లైటు ఆపేశాను. అంతే, పెదనాన్నగారు గిరుక్కున తిరిగారు. "తీసేశారేంటండీ? మావైపు వాళ్ల మీద రెండు నిమిషాలు కూడా ఉంచకూడదా?" హడలిపోయి మళ్లీ వేశాను. మేనమామగారు పళ్లెం పక్కనున్న కుర్చీలో పెట్టేసి, దాని పక్క కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నారు. వేస్తే ఒకవైపు చుట్టాలకు, తీస్తే ఇంకోవైపు చుట్టాలకు చెడేలా ఉంది. ఇంక అమ్మాయి బయట ముస్తాబై, చెలికత్తెలతో సహా నిలబడే ఉంది. బోర్డు మీద నాకు తెలిసిన బటన్లన్నీ నొక్కాను, తెలియనివి కూడా నొక్కాను. ఆ తల పెదనాన్నగారిని వదిలితే ఒట్టు.

కరెంటన్న పరిగెత్తుకొచ్చాడు. "జర చూడు పిల్లా, బోర్డు మీద లైటు నంబర్ ఏమన్న తప్పు కొట్టినవా?" కొట్టలేదు. ప్రయాణంలో తల కదలకుండా దానికో గడియ ఉంటుంది, అదేమైనా తీయడం మరిచామా అని అనుమానం వచ్చింది. లైటుకి కరెంటు తీయించి (పెదనాన్నగారికి కరెంటు పోయిందని చెప్పమన్నాను), చున్నీ నడుముకి బిగించుకుని నిచ్చెన ఎక్కాను. గడియ తీసే ఉంది. సెల్‌ఫోను వెలుతురులో చూస్తే అప్పుడు కనబడింది అసలు సంగతి. నల్లటి లైటు మెడ చుట్టూ నల్లటి దారం. మెడకి మూడు చుట్లు, అక్కడి నుంచి కింద పీఠం పిడికి నాలుగు చుట్లు. మా నానమ్మ దిష్టిదారం! దేవుడి గదిలో దారం కాదు, చీర నేతకు పనికొచ్చే పట్టుపోగులు పేనిన దారం. మోటారు తెంచుకోలేకపోవడంలో వింతేమీ లేదు.

జేబులోంచి కట్టర్ తీశాను. కిందినుంచి కరెంటన్న గావుకేక పెట్టాడు. "ఏయ్! దిష్టిదారం కత్తిరిస్తవా? కొత్త లైటు, మొదటి గిరాకి! నా దుకాణం ఉండాల్నా వద్దా?" ఆ కేకకి అమ్మాయి వాళ్లమ్మగారు వచ్చేశారు. "అయ్యయ్యో, శుభమా అని పిల్లకి ఓణీలిస్తుంటే, దాని నెత్తి మీద దిష్టితాడు కోసేస్తారేంటమ్మా? వద్దంటే వద్దు!" అంతవరకు ఉప్పూ నిప్పుగా ఉన్న పెదనాన్నగారూ మేనమామగారూ ఈ ఒక్క విషయంలో ఏకమైపోయి, దారం కొయ్యకూడదంటే కొయ్యకూడదన్నారు. కట్టర్ జేబులో పెట్టుకుని గోళ్లతో ముడి లాగాను. లాగినకొద్దీ అది బిగిసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. బిల్లింగ్ కౌంటరూ, ఏసీ చల్లదనమూ నా కళ్ల ముందు స్పష్టంగా కనబడ్డాయి.

"దిగు" అని వినబడింది కిందనుంచి.

నాన్న. నన్ను ఇంటికి తీసుకుపోవడానికి స్కూటర్ మీద వచ్చారు. (నా ఓటమిని కళ్లారా చూడ్డానికి వచ్చారని అప్పట్లో నా అనుమానం.) తెల్లచొక్కా చేతులు మడుచుకుని నిచ్చెన ఎక్కారు. దారాన్ని వేళ్ల మధ్య తడిమి చూశారు.

"మా అమ్మ ముడి ఇది. పోగు తెగితే మగ్గం మీద వేసేది. గుంజితే వస్తదా? ఇంక బిగుస్తది" అన్నారు.

ఆయన లాగలేదు. బొటనవేలితో దారాన్ని వెనక్కి, ముడిలోకి నెట్టారు. ఒకటి వదులైంది. తర్వాత ఇంకొకటి. నాన్న చేతులు చీరలు మడతపెట్టడం చూశాను గాని, పోగు పట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు. పెదవి కొరుకుతూ, కళ్లు చిట్లించి, పక్కన ఎవరున్నారో మరిచిపోయి చేశారు. దారం మొత్తం ఊడొచ్చాక దాన్ని పారెయ్యకుండా పీఠం పిడికే చుట్టి కట్టారు. లైటు మెడకు విడుదల, దిష్టికి కాపలా, కరెంటన్నకు ప్రాణం అన్నీ ఒకేసారి దక్కాయి.

పరుగున వెళ్లి మీట నొక్కాను. లైటు తల ఎత్తి, దించి, చుట్టూ ఒక్క తిరుగుడు తిరిగింది. అదీ కార్యక్రమంలో భాగమే అనుకుని జనం ఈలలు వేశారు. ముందు మేనమామగారి మీద వేశాను. ఆయన అలక ఇంకా తీరనట్టు ఒక్క క్షణం అలాగే కూర్చుని, తర్వాత పళ్లెం ఎత్తుకుని పెళ్లికొడుకులా నడిచారు. స్టేజీ ఎక్కాక వాళ్లక్క వేలితో పొడిచి గుర్తు చేస్తే వెనక్కొచ్చి పెదనాన్నగారిని కూడా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లారు. అప్పుడు అమ్మాయి వచ్చింది. గుమ్మం నుంచి స్టేజీ దాకా నా వెలుగు ఆ పిల్ల అడుగు వదల్లేదు. పుస్తకంలో నీలం రంగు చాలా గొప్పగా ఉంటుందని రాశారు, అందుకని నీలం వేశాను. "కిర్రాక్!" అన్నాడు కరెంటన్న నా చెవిలో. వాళ్లమ్మగారు కళ్లు తుడుచుకుంటున్నారు.

ఇంటికి వెళ్తుంటే నాన్న ఏదో అంటారని స్కూటర్ వెనక కూర్చుని ఎదురుచూశాను. ఎల్బీనగర్ చౌరస్తా సిగ్నల్ దగ్గర బండి ఆగింది. అప్పుడు అన్నారు.

"ఆ పిల్ల కట్టుకున్నది ఎర్ర పట్టు పరికిణి. దాని మీద నీలం లైటు ఏస్తరా ఎవలన్న? మొత్తం నల్లగ కొట్టింది. జరీ ఒక్కటే కనవడ్డది. నేతోని బిడ్డవయి గంత తెల్వదా?"

నా ఒళ్లు మండిపోయింది. ఒక్క మంచిమాట లేదు! ఇంటికెళ్లి ఎవరితోనూ మాట్లాడకుండా పడుకున్నాను. గడబిడ అయితే షాపుకి రావాలన్నారు, గడబిడ కాలేదని ఎవరనగలరు? సోమవారం పొద్దున ఇస్త్రీ డ్రెస్సు వేసుకుని, తల నున్నగా దువ్వుకుని, టిఫిన్ బాక్సు పట్టుకుని, ఉరికంబానికి పోతున్న ముఖంతో స్కూటరెక్కాను. దిల్‌సుఖ్‌నగర్ వచ్చింది. చీరల షాపు ఇంకా ముందుంది. నాన్న కర్రీ పాయింటు సందు మొగలో బండి ఆపారు.

"దిగు."

"షాపు గక్కడ గదా నాయినా?"

"నాది గక్కడ. నీది గిక్కడ" అన్నారు ఆయన, నా వైపు చూడకుండా. "లైటు వేసే ముందు బట్ట ఏం రంగో నాకు ఫోన్ జేసి చెప్పు. ఊకె నీలం కొట్టకు." బండి వెళ్లిపోయింది.

ఇప్పుడు నాకు సొంత లైట్లున్నాయి. పెద్ద అంబర్‌పేట్ దాకా ఏ హాల్లో ఫంక్షనయినా ముందు నాన్నకే ఫోన్ చేస్తాను. ఆయన రిటైరయ్యారు గాని, పెళ్లికూతురి చీర అంచు ఎంత వెడల్పో చెప్పనిదే లైటు రంగు చెప్పరు. ఫోన్ పెట్టేశాక ఒక్కోసారి ఆ సోమవారం పిల్ల గుర్తొస్తుంది. తన పని తనకే దక్కిందని నమ్మలేక, సందు మొగలో టిఫిన్ బాక్సు పట్టుకుని, ఆదివారం రాత్రంతా వాళ్ల నాన్నను తిట్టుకున్నందుకు ఏడవాలో నవ్వాలో తేలక నిలబడ్డ పిల్ల. ఆ పిల్లంటే నాకిప్పటికీ జాలేస్తుంది, కొంచెం ఈర్ష్య కూడా వేస్తుంది. అంత సంతోషాన్ని తెచ్చి వాకిట్లో దిగబెట్టి పోయిన పొద్దు నాకు మళ్లీ రాలేదు.