సముద్రం లేని ఎడారి

ఎడారి అనగానే మా కోరుట్లలో ఎవరికైనా గల్ఫే గుర్తొస్తుంది. పాతికేళ్లు అక్కడ పనిచేసి వచ్చిన మా పెద్దబాపుకైతే ప్రపంచంలో ఇంకో ఎడారే లేదు. మొన్న ఆయన ఇంటికి వెళ్లినప్పుడు ఫోన్‌లో ఆఫ్రికాలోని నైజర్ దేశం మ్యాపు చూపించాను. చాలా భాగం సహారా ఇసుకే. చుట్టూ ఏడు దేశాలు, ఎటు చూసినా సముద్రం లేదు.

"సముద్రం లేకుంటే తాగెతందుకు నీళ్లు ఏడికెల్లి అస్తయి?" అన్నాడు. గల్ఫ్‌లో ఆయన తాగింది ఉప్పు తీసిన సముద్రపు నీళ్లే మరి.

ఒక మూల నది ఉందనీ, దేశానికి దాని పేరే పెట్టుకున్నారనీ చెప్పాను. దక్షిణాన హౌసా రైతులు సజ్జలు పండిస్తే, ఉత్తరాన ఎడారిలో తిరిగే టువారెగ్ జాతివాళ్లు ఒంటెల మీద ఉప్పు తెచ్చి ఆ సజ్జలకు మార్చుకునేవాళ్లు. తర్వాత ఫ్రెంచివాళ్లు వచ్చి ఏలారు.

"సముద్రమే లేదంటివి, ఉప్పేడిది?"

ఇసుక మధ్యలోనే ఉప్పునీటి గుంటలున్నాయన్నాను.

"నాకు జెప్తున్నవా? నేను ఎడారిల ఉన్నోన్ని."

నాకు ఒళ్లు మండింది. నేను నోరు తెరిచేలోపే, పక్కన చిక్కుడుకాయలు తుంచుతున్న పెద్దమ్మ తల ఎత్తకుండా అంది:

"నేను సముద్రం మొకమే జూడలే. నువ్వు గాడ ఉన్నన్నేండ్లు ఈడ నీళ్లు తాగలేదా, ఉప్పు తినలేదా?"

పెద్దబాపు కళ్లద్దాలు పెట్టుకుని ఫోన్ కోసం చెయ్యి చాపాడు.

"ఏదీ, గా గుంటలు జూపియ్యి."