సుగుణ సిస్టరు, ఫర్నేసు అప్పారావు

సుగుణది నర్సాపురం దగ్గర పల్లె. నర్సు చదువు కోసం రాయపూర్ వైపు మిషన్ ఆసుపత్రికి వచ్చి ఇక్కడే ఉండిపోయింది. రెండుమూడు పెళ్లిచూపులు జరిగాయి కానీ ఏదీ కుదరలేదు. తల్లి పోయాక ఊరికి వెళ్లే పని కూడా లేకపోయింది. నలభై దాటాక రాయపూర్ శివార్లలో, ఉర్లాలోని ఒక ఇనుప మిల్లు డిస్పెన్సరీలో చేరి, పక్కనే బీర్‌గావ్‌లో ఒక గది అద్దెకు తీసుకుంది.

కాలిన చేతులకు మందు రాయడం, కంట్లో పడిన ఇనుప రజను తీయడం ఆమె పని. డాక్టరు గురువారాలు మాత్రమే వచ్చేవాడు. పనివాళ్లు దీదీ అని పిలిచి, కట్టు కట్టించుకుని వెళ్లిపోయేవారు. మిల్లులో తెలుగు మాట్లాడే మనిషి మరొక్కడే ఉన్నాడు, ఫర్నేసు మిస్త్రీ అప్పారావు. బొబ్బిలి వైపు వాడు. టీ వేళకు డిస్పెన్సరీ గుమ్మంలో నిలబడేవాడు.

"ఏటి సిస్టరమ్మా, ఇయ్యాల కూరేటి?"

"ఒక్కదానికి కూరేంటి అప్పారావుగారూ, పచ్చడేసుకుని తిన్నాను."

"మరి సెప్పవేటి! మా పైడమ్మ సేపల పులుసు ఎట్టింది. సాయంత్రం అట్టుకొత్తాది."

రోజంతా ఆమె ఎదురుచూసేది ఆ నాలుగు మాటల కోసమే.

1992 వేసవిలో బిసాహూ అనే రోలింగు పనివాడు కుళాయి దగ్గర నీళ్లు తాగుతూ కూలిపోయాడు. సుగుణ పరుగెత్తి వెళ్లేసరికి ప్రాణం లేదు. నలభై ఏళ్లు కూడా లేవు. ఎండదెబ్బ అన్నారు అందరూ. గుండె ఆగింది అన్నాడు డాక్టరు. బిసాహూ రోజూ తన గుమ్మం ముందు నుంచే వెళ్లేవాడు. అతని చేతికి ఒక్కసారైనా బీపీ పట్టీ చుట్టలేదని ఆమెకు ఆ రాత్రి అన్నం సహించలేదు.

అందరినీ పరీక్ష చేస్తానని మేనేజరును అడిగింది. చేసుకో, పని ఆగకూడదు అన్నాడాయన. బీపీ మిషను పట్టుకుని ఆమే క్యాంటీనుకు వెళ్లింది. బీడీలు తాగేవాళ్లు, గుడాఖు అనే పొగాకు ముద్దతో పళ్లు తోముకునేవాళ్లు, చద్దన్నంలో గుప్పెడు ఉప్పు కలుపుకునేవాళ్లు నవ్వుతూ చేతులు చాపారు. చాలామందికి భయపడాల్సిందేమీ లేదు. అప్పారావు చేతికి పట్టీ చుట్టినప్పుడు మాత్రం పై అంకె రెండు వందలు దాటింది. సుగుణ మళ్లీ చూసింది. తగ్గలేదు.

"తలనొప్పి వస్తుందా?"

"పొయ్యి కాడ ఉన్నోడికి తలనొప్పి రాదేటి?" అన్నాడు. వెంటనే గొంతు తగ్గించి, "డాక్టరుకి సెప్పకమ్మా. ఫర్నేసు మీంచి తీసేత్తారు. నా సేతికింద పదిమంది కుర్రోళ్లున్నారు," అన్నాడు.

మాత్రలు వేసుకుంటానని మాటిస్తే చూద్దామంది. మాటిచ్చాడు. నెల తిరిగాక అంకె అలాగే ఉంది. అతనికిచ్చిన మాత్రలు డబ్బాలోంచి కదలలేదు. ఆ గురువారం సుగుణ డాక్టరుకు చెప్పేసింది.

అప్పారావును లారీలు తూచే కాంటా దగ్గర కూర్చోబెట్టారు. మిస్త్రీ అన్న పిలుపు పోయింది. కుర్రాళ్లు కాంటాబాబూ అని పిలవసాగారు. టీ వేళకు గుమ్మం ఖాళీగా ఉండేది. ఒక ఆదివారం బీర్‌గావ్ బజారులో ఎదురుపడితే సుగుణే ముందు పలకరించింది.

"అప్పారావుగారూ, బావున్నారా?"

అతను ఆమె ముఖంలోకి చూడకుండా, "నమస్తే సిస్టర్‌జీ. సబ్ ఠీక్ హై," అని సాగిపోయాడు.

తెలుగులో తిట్టినా అంత బాధపడేది కాదు. కూరలు కొనకుండానే గదికి వెళ్లిపోయింది. ఆ పూట తెలుగు బైబిలు తీసి పైకి చదివింది. గదిలో తన గొంతు తప్ప మరోటి లేదు.

అప్పారావు సంగతి చూశాక పనివాళ్లు కూడా క్యాంటీనులో చేతులు వెనక్కి దాచుకున్నారు. "దీదీ చేయి పడితే పని పోతుంది," అని చెప్పుకున్నారు. సుగుణ మళ్లీ మేనేజరు దగ్గరికి వెళ్లింది. జబ్బు బయటపడినవాడి హోదా, జీతం తగ్గించనని మాటిస్తే తప్ప ఎవరూ రారని చెప్పింది. ఆయన వినలేదు. ఏడాదిపాటు వెళ్తూనే ఉంది. చివరికి విసిగిపోయి ఒప్పుకున్నాడు. అప్పారావుకు మిస్త్రీ హోదా తిరిగి వచ్చింది కానీ అతను కాంటా దగ్గరే ఉన్నాడు. సుగుణ పట్ల అతని మనసు మాత్రం మారలేదు. పనివాళ్లు ఒక్కొక్కరే మళ్లీ రాసాగారు.

పైడమ్మ మాత్రం నెలకోసారి మొగుడికి తెలియకుండా వచ్చేది.

"మాత్రలివ్వమ్మా. బలానికని సెప్పి అన్నంతో పాటు సేతిలో ఎడతన్నాను. తిట్టుకుంటానే మింగుతున్నాడు."

"ఉప్పు తగ్గించావా?"

"సగం ఏత్తన్నాను. కూర సప్పగుందని కంచం తోసేత్తాడు. మళ్లీ ఆయనే లాక్కుని తింటాడు."

కూర్చోమంటే కూర్చునేది కాదు. "ఆయన సూత్తాడమ్మా," అని గుమ్మం బయటి నుంచే వెళ్లిపోయేది.

1998లో అప్పారావు రిటైరయ్యాడు. క్యాంటీనులో దండలు వేశారు, లడ్డూలు పంచారు. అందరూ వెళ్లిపోతుండగా అతను సుగుణ దగ్గరికి వచ్చాడు. గట్టిగా, నిటారుగా ఉన్నాడు.

"సూసినావా సిస్టరమ్మా? నాకేటయింది? ఏటీ అవలేదు. ఉత్తినే నన్ను పొయ్యి కాడ నుంచి లాగేసినావు."

పక్కనున్న పైడమ్మ తల వంచుకుంది. మాత్రల సంగతి సుగుణ నోటిదాకా వచ్చింది. చెబితే పైడమ్మకు ఇంట్లో మాటలు పడతాయి. పైగా మాత్రలే కాపాడాయని ఎవరు రుజువు చేయగలరు? తనకైనా నిశ్చయంగా తెలియదు.

"అవును అప్పారావుగారూ," అంది. "ఏమీ అవలేదు."

ఆ వారంలోనే వాళ్లు బొబ్బిలి వెళ్లిపోయారు. స్టేషనుకు రమ్మని ఎవరూ పిలవలేదు, ఆమె వెళ్లలేదు. బిసాహూ తర్వాత ఆ మిల్లులో పని చేస్తూ గుండె ఆగి పోయినవాళ్లు లేరు. ఆ మాట ఎవరూ అనుకోలేదు కూడా. వాళ్లు వెళ్లిన మర్నాడు క్యాంటీనులో సుగుణ కొత్తగా చేరిన పనివాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి, చొక్కా చేయి పైకి మడవమంది.