ఒకే తాను గుడ్డ

ఆమెను అందరూ కొలతలక్క అనేవారు. ఆమెకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలిచేవారు. ఆమె ఏనాడూ వద్దనలేదు. టేపు ఎప్పుడూ మెడలో వేలాడుతూ ఉండేది గానీ, దాన్ని వాడిన సందర్భాలు తక్కువ. పిల్ల గుమ్మం దాటి లోపలికి వచ్చేలోపే భుజమెంత, నడుమెంత, చెయ్యి పొడుగెంత అన్నది ఆమె కంటికి చిక్కేది. భర్త బస్సు డిపోలో మెకానిక్కు. "ఊళ్ళో పిల్లలందరి కొలతలూ నీకు కంఠతా వచ్చు. నా చొక్కా బొత్తాం ఊడి నెలయింది, అది మాత్రం కంటికి ఆనదు" అని ఆయన దెప్పేవాడు. ఆమె బదులు చెప్పేది కాదు, బొత్తామూ కుట్టేది కాదు.

ఆమె కుట్టు సగం ఇంటికి, సగం సంఘానికి. సంఘమంటే ఏదో పెద్ద సంస్థ అనుకోకండి. మూతపడిన అచ్చాఫీసు వెనక రెండు గదులు, ఒక రేకుల వసారా, నాలుగు బల్లలు, ఒక నీళ్ళ డ్రమ్ము. రిటైరైన పోస్టుమేన్ ఒకాయన దాన్ని నడిపేవాడు. అందరికీ ఆయన పోస్టు మామయ్య. ముప్పై ఏళ్ళు ఇంటింటికీ తిరిగాడు కాబట్టి, తలుపు చూసి లోపలి కష్టం చెప్పగలనని ఆయన నమ్మకం. సగంసార్లు నిజమే అయ్యేది. మిగతా సగం గురించి ఆయన మాట్లాడేవాడు కాదు.

ఎవరి ఇల్లయినా కాలిపోయినా, కూలిపోయినా, ఇంటి మనిషి మంచాన పడినా సంఘం వాళ్ళు వెళ్ళేవారు. బట్టలివ్వాల్సి వస్తే మాత్రం అక్కడ ఒక పద్ధతి ఉంది. పాతవి ఇవ్వరు. కుప్ప పోసి, మీకు పట్టేది ఏరుకోండి అనరు. ఏ పిల్ల కొలతకు ఆ పిల్లకే కొత్తగా కుట్టి ఇస్తారు. ఆ పద్ధతి పెట్టింది కొలతలక్కే. ఎవరో ఇచ్చిన గౌను మోకాళ్ళ కిందికి జారిపోతుంటే చేత్తో ఎత్తి పట్టుకుని బడికి నడిచిన రోజులు ఆమెకున్నాయి. "ఇచ్చిన బట్ట ఇచ్చినట్టు తెలియకూడదు" అనేది. పంతొమ్మిదేళ్ళు ఆ మాట మీదే నిలబడింది. ఇరవయ్యో ఏట తప్పింది. తప్పినట్టు ఆమెకే తెలియలేదు.

ఆ ఏడు ముందుగా వచ్చింది వరద. పల్లపు వీధుల్లో నడుంలోతు నీళ్ళు రెండు రోజులు కదల్లేదు. తీశాక చూస్తే పరుపులు, పుస్తకాలు, బట్టలు అన్నీ ఒకే బురద ముద్ద. అప్పుడే ఒక బట్టల కొట్టాయన పెద్ద తాను ఒకటి సంఘానికి పంపాడు. పచ్చరంగు మీద తెల్ల గళ్ళు. గట్టి నూలు, ఎన్ని ఉతుకులకైనా రంగు దిగనిది. కొలతలక్క మురిసిపోయింది. ఆరు రోజులు మిషను ముందు నుంచి లేవలేదు. ముప్పై ఒక్కమంది పిల్లలు. మగపిల్లలకు చొక్కాలు, ఆడపిల్లలకు గౌన్లు. ఒక్కటంటే ఒక్కటి వదులు కాలేదు, బిగుతు కాలేదు. నడుం పట్టేసినా, ఇంత చక్కటి పని జన్మలో చేయలేదనుకుని సంబరపడింది.

అంతమందికి ఒకే గుడ్డేమిటని సంఘంలో ఒక్కరికీ తట్టలేదు. పదిమంది బుర్రలున్న చోట ఒక్క బుర్రా పని చేయలేదంటే నమ్మడం కష్టమే. కానీ మంచిపని చేస్తున్నామన్న ఊపులో ఉన్నవాళ్ళకు కళ్ళు కొంచెం తక్కువగా కనిపిస్తాయి.

పదిరోజుల తర్వాత కొలతలక్క సరుకుల సంచీ పట్టుకుని పల్లపు వీధిలో ఇస్త్రీ ఆవిడ ఇంటికి వెళ్ళింది. ముందుగదిలో పెద్ద బల్ల, బల్ల మీద ఎవరిదో ప్యాంటు. దానిమీద తడిగుడ్డ పరిచి ఇస్త్రీ పెట్టె నడుపుతోంది ఆవిడ. ఆ తడిగుడ్డ పచ్చగళ్ళది. సంక దగ్గర వేసిన రెండు వరసల కుట్టు కూడా ఇంకా ఊడలేదు. అది ఎవరి కుట్టో కొలతలక్కకు ఒకరు చెప్పక్కర్లేదు.

"ఇది నేను కుట్టిన గౌను కదూ?"

ఇస్త్రీ ఆవిడ నోట్లో నాలుక లేని మనిషి. పెట్టె పక్కన పెట్టి తల దించుకుంది. "అమ్మడు వేసుకోనంటోందక్కా. ఏం చెయ్యమంటారు?"

లోపలి గుమ్మంలో నిలబడ్డ పదకొండేళ్ళ కూతురు మాత్రం నోరున్న పిల్లే. "మా బళ్ళో యూనిఫాం లేదు. అందరూ రకరకాలవి వేసుకొస్తారు. మేం ముప్పై ఒక్కమందిమే ఒకటే రకం. పచ్చగళ్ళోళ్ళు అంటున్నారు మమ్మల్ని. తినేటప్పుడు, పచ్చగళ్ళోళ్ళని ముందు తిననివ్వండర్రా, వాళ్ళింట్లో ఏం లేవు అంటున్నారు. నన్ను పేరు పెట్టి ఎవ్వరూ పిలవట్లేదు" అంది.

కొలతలక్కకు తల కొట్టేసినట్టయింది. ఇంకెవరైనా అయితే అక్కడే కూర్చుని, అయ్యో నాకు తట్టలేదమ్మా అనేవారు. ఆమె కూడా అనాల్సిందే. కానీ ఆరు రోజుల నడుం నొప్పి ఇంకా తగ్గలేదు. తన చేతి గౌను ఎదురుగా బల్ల మీద పొగలు కక్కుతోంది. ఒళ్ళు మండిపోయింది.

"ఊరికే వచ్చిన బట్టకు కూడా రంగులెంచుతారా?" అనేసింది. అక్కడితో ఆగినా బాగుండేది. "ఇంత పొగరున్నవాళ్ళకి మా సాయం ఎందుకు?"

ఇస్త్రీ ఆవిడ మొహంలో నెత్తురుచుక్క లేదు. సంచీ తీసి కొలతలక్క చేతిలోనే పెట్టింది. "నిజమేనక్కా. ఇంకెవరికైనా ఇవ్వండి" అని తలుపు దగ్గరగా వేసింది. విసురుగా కూడా వేయలేదు.

తను అన్న మాట తప్పని వీధి మలుపు తిరక్కముందే కొలతలక్కకు తెలుసు. వెనక్కి వెళ్ళాల్సింది. రేపు వెళ్దామనుకుంది. రేపు ఎల్లుండయింది, వారమయింది. రోజులు గడిచేకొద్దీ మొహం చెల్లకుండా పోయింది. ఆ తర్వాత సంఘానికి ఏ రెండు జతలూ ఒకే గుడ్డలో కుట్టకుండా చూసుకుంది గానీ, ఎందుకో ఎవరికీ చెప్పలేదు. భర్తకు మాత్రం చెప్పింది.

"వెళ్ళి తప్పయిందని చెప్పి రారాదూ, నీ సొమ్మేం పోయింది?" అన్నాడాయన.

"చెప్తాలెండి" అంది. చెప్పలేదు. ఎంత బరువున్న సంచీ అయినా తేలిగ్గా మోసే మనిషికి ఆ చిన్న మాట మోయడం చేతకాలేదు.

వేసవిలో ఊళ్ళో సగంమందికి పనిచ్చే మిల్లు మూతపడింది. సంఘం వసారాలో బల్లలు చాలక జనం నిలబడాల్సి వచ్చింది. నిన్నటిదాకా చందాలిచ్చినవాళ్ళే వరసలో కనిపిస్తుంటే పోస్టు మామయ్య వాళ్ళ మొహాలు చూడలేక కాగితాల్లో తల దూర్చేవాడు. ఇస్త్రీ ఆవిడ భర్త పనిచేసేదీ ఆ మిల్లులోనే. ఎక్కడో దూరాన పని దొరికిందని అతను వెళ్ళిపోయాడు, ఇల్లంతా ఆ ఇస్త్రీ పెట్టె మీద పడింది. పోస్టు మామయ్య రెండుసార్లు వెళ్ళాడు. రెండుసార్లూ ఆవిడ గుమ్మంలోనే నిలబడి, బాగానే ఉన్నామండీ అంది.

"వద్దన్న ఇంటిని వదిలేద్దాం అక్కా. అడిగేవాళ్ళకే సరిపోవట్లేదు" అన్నాడాయన.

వాళ్ళు వద్దన్నది సాయాన్ని కాదని, తననని కొలతలక్కకు తెలుసు. ఆ ముక్క ఆయనకైనా చెబితే ఆయనే ఏదో దారి చూసేవాడు. ఆమె మాత్రం దారం తెంపి సూదిలోకి మళ్ళీ ఎక్కించుకుంటూ కూర్చుంది.

వానలు వెనకబట్టాక జ్వరాలు మొదలయ్యాయి. పాడు జ్వరం. మూడోరోజుకో నాలుగోరోజుకో తగ్గినట్టే తగ్గేది, ఇంట్లోవాళ్ళు హమ్మయ్య అనుకునేవారు, సరిగ్గా అప్పుడే మనిషి చేజారిపోయేవాడు. పల్లపు వీధుల్లో అలా ఇద్దరు పోయారు. అప్పటినుంచీ సంఘం వాళ్ళు రోజూ పొద్దున్నే ఇల్లిల్లూ తట్టి, జ్వరమున్నవాళ్ళను ఆటోలో ఆసుపత్రికి చేర్చేవారు.

ఒకరోజు పోస్టు మామయ్య తిరిగొచ్చి చెప్పులైనా విప్పకుండా నిలబడ్డాడు. "ఇస్త్రీ ఆవిడ తలుపు తీయలేదు. నాలుగు రోజులుగా వీధిలోకే రాలేదట. లోపలినుంచి పిల్ల, జ్వరం తగ్గింది, మీరెవరూ రావద్దు అంటోంది."

జ్వరం తగ్గింది అన్న మాట వినగానే కొలతలక్క సగం కుట్టిన చొక్కా మిషను మీదే వదిలేసి లేచింది. అలవాటుగా సంచీ కోసం చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

తలుపు తట్టింది. "అమ్మడూ, నేను. కొలతలక్కని."

"మాకేం వద్దు." గొంతు తలుపుకు ఆనుకునే ఉంది. "సంఘం వాళ్ళకి తియ్యనని అమ్మకి మాటిచ్చాను."

నలుగుర్ని పిలిచి తలుపు తోయించవచ్చు. తోయిస్తే తోసేవారే. కానీ ఆ పిల్ల మాట ఒకసారి తోసేసిన ఫలితమే ఇదంతా అని కొలతలక్కకు తెలుసు. అప్పటికే పక్కిళ్ళవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి చూస్తున్నారు.  అయినా ఆమె గొంతు తగ్గించలేదు.

"నేనేం తేలేదమ్మా, ఉత్త చేతులతో వచ్చాను. ముందు నీకొక మాట చెప్పాలి. అందరికీ ఒకే గుడ్డ కుట్టడం నా తప్పు. నువ్వు ఉన్నమాట చెబితే నిన్ను పొగరన్నాను, అది ఇంకా పెద్ద తప్పు. ఆ రోజే తెలుసు నాకు. సిగ్గేసి ఇన్నాళ్ళూ రాలేదు. నా మీద కోపం నా మీదే ఉంచుకో. అమ్మని ఒక్కసారి చూడనివ్వు, నీ కాళ్ళు పట్టుకుంటాను."

పిల్ల లోపలినుంచి అడిగింది.

"మీ సంఘంలో వాళ్ళకి తెలుసా, తప్పు మీదని?"

"తెలీదు. ఇప్పుడు ఈ వీధి మొత్తం వింటోంది."

గడియ తీసిన చప్పుడైంది. పిల్ల జుట్టు చెదిరిపోయి ఉంది. చూపుడు వేలు బొబ్బెక్కి ఉంది. గిరాకీ పోతుందని నాలుగు రోజులుగా ఆ బల్ల ముందు ముక్కాలిపీట వేసుకుని తనే ఇస్త్రీ చేస్తోంది. లోపల మంచం మీద తల్లి. ఒంటి మీద చెయ్యి వేస్తే చల్లగా ఉంది, చిగుళ్ళలో నెత్తురు. పిలిస్తే కళ్ళు తెరుస్తోంది గానీ పలకడం లేదు. కొలతలక్క ఆవిడను రెండు చేతులా ఎత్తుకుని ఆటో దాకా నడిచింది. ఆవిడ అంత తేలిగ్గా చేతుల్లోకి రావడం చూసి ఆమెకు భయమేసింది.

ఇప్పటిదాకా ఏం చేస్తున్నారని ఆసుపత్రిలో డాక్టరు కేకలేసింది.  రెండు రోజులు ఆవిడ ఇటా అటా అన్నట్టే ఉంది. మూడోరోజు, అమ్మడు అన్నం తిందా అని అడిగింది. కొలతలక్క నడవాలోకి వచ్చి గోడకు తిరిగి ఏడ్చింది.

ఆవిడ ఆసుపత్రిలో ఉన్న తొమ్మిది రోజులూ పగళ్ళు పోస్టు మామయ్య భార్య అక్కడ కూర్చుంది. వాడుకగా బట్టలిచ్చేవాళ్ళు వేరే చోటికి పోకూడదని కొలతలక్క ఆ ముందుగదిలో ఇస్త్రీకి నిలబడింది. దర్జీవాళ్ళ ఇస్త్రీ వేరు, వాళ్ళకు కుట్లు అణిగితే చాలు. పిల్ల పక్కన నిలబడి తప్పులు పట్టేది. "ముందు కాలరు. తర్వాత చేతులు. వీపు ఆఖర్న. అలా మడిస్తే మా అమ్మ మళ్ళీ చేయిస్తుంది." కొలతలక్క మారుమాట్లాడకుండా మళ్ళీ చేసేది. భర్త ఇది విని, ఇన్నాళ్ళకు నీకు సరైన మేస్త్రి దొరికిందన్నాడు.

ఆవిడ ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్న, లోపల ఆవిడ నిద్రపోతుంటే, ఇద్దరూ బల్లకు అటొకరు ఇటొకరు నిలబడి దుప్పటి మడత పెడుతున్నారు.

"పెద్దమ్మా" అంది పిల్ల. "ఆ రోజు మీరు ఆ మాట చెప్పకపోతే నేను తలుపు తీసేదాన్ని కాదు. అప్పుడు అమ్మ చచ్చిపోయేదా?"

అబద్ధం ఆడటం తేలికే. చిన్నపిల్ల, అలా అనకూడదమ్మా అంటే సరిపోయేది. "పోయేదేమోనే" అంది కొలతలక్క.

"మీరు ముందే చెప్పుంటే?"

"మొదటిరోజే మీరు నన్ను పిలిచేవాళ్ళు. ఇంతదాకా వచ్చేది కాదు."

పిల్ల తలూపింది. కోపంగా లేదు. తన వైపు అంచులు కలిపి, దుప్పటి కొసలు కొలతలక్క చేతికి అందించింది.

"మిగతా ముప్పైమందికీ చెప్పారా?"

కొలతలక్క చేతులు ఆగిపోయాయి. "లేదు."

"వాళ్ళని ఇప్పటికీ అలాగే పిలుస్తున్నారు" అంది పిల్ల.

మర్నాడు వసారాలో పదిమందీ వింటుండగా కొలతలక్క పోస్టు మామయ్యకు జరిగిందంతా చెప్పింది.  ఆ తాను విప్పినప్పుడు తనూ అక్కడే ఉన్నానని మాత్రం ఆయన అన్నాడు. ఆ పిల్లల ఇళ్ళకు తోడు వస్తానని లేస్తే ఆమె వద్దంది.

మొదటి ఇంట్లో తలుపు తీసింది ఏడేళ్ళ పాప. సంఘం అక్కను చూడగానే దాని కళ్ళు అలవాటుగా ఆమె చేతులవైపు పోయాయి. చేతుల్లో ఏమీ లేదు. పాపకు అర్థంకాక మొహంలోకి చూసింది. కొలతలక్క గడప ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"ముందు నీ పేరేంటో చెప్పు తల్లీ" అంది. "తర్వాత మీ అమ్మని పిలువు. మీ ఇద్దరికీ నేనొక మాట చెప్పాలి."